చెన్నకేశవులు గారి ఓడ నాణెం

గుంటూరు: తుమ్ములతో మొదలు

మిరపకాయ తినడం వేరు, మిరపకాయల ఊళ్ళో ఊపిరి పీల్చడం వేరు. గుంటూరులో రైలు దిగి రిక్షా ఎక్కి వంద గజాలు పోయానో లేదో తుమ్ములు అందుకున్నాయి. ఏడో తుమ్ముకు రిక్షా అతను వెనక్కి తిరిగి, "ఊరికి కొత్తాండీ?" అన్నాడు. కాకినాడ అని చెప్పాను. "అయితే రెండు రోజులు ఇంతేలెండి. మూడో రోజు నుంచి ఈ గాలి లేకపోతే మీకే తోచదు" అన్నాడు. మాఘమాసం అది. పల్లెల నుంచి వచ్చిన మిరప బస్తాల బళ్ళు మార్కెట్ యార్డు దాకా బారులు తీరి ఉన్నాయి. ఊరికే ఉండలేక ఒక బస్తాలోంచి కాయ తీసి విరిచి చూశాను. ఆ చేత్తోనే కన్ను నలుపుకున్నాను. ఇక ఆ పూటంతా ఒంటి కన్నుతోనే ఊరు చూశాను.

నేను హైస్కూల్లో చరిత్ర చెప్పే మాస్టర్ని. పాత నాణేల పిచ్చి ముప్పై ఏళ్ళుగా ఉంది. దానితోపాటు ఒక చెడ్డపేరూ ఉంది. ఎవరు నాణెం చూపించినా, దొంగదైతే దొంగదని, పాడైతే పాడైందని మొహం మీదే చెప్పేస్తాను. కాఫీ ఇచ్చి కూర్చోబెట్టిన వాళ్ళకైనా సరే. మిగతా విషయాల్లోనూ అంతే, నా నోట్లో నువ్వుగింజ నానదని మా ఆవిడ అంటుంది. ఈ సంగతి ముందే చెప్పడం మంచిది, ఎందుకంటే ఈ ప్రయాణం మొత్తం నా నోటి మీదే నడిచింది.

గుంటూరులో పత్తి వ్యాపారం చేసే సుబ్బారావు గారు, మాలాంటి పిచ్చివాళ్ళందరినీ పోగుచేసి, ఒక కల్యాణమండపంలో నాణేల ప్రదర్శన పెట్టారు. ఆ సందర్భంగా చెన్నకేశవులు గారికి సన్మానం. ఆ చుట్టుపక్కల జిల్లాల్లో చెన్నకేశవులు గారి పేరు తెలియని వాళ్ళు ఉండరు. ముప్పై ఏళ్ళ పాటు పద్యనాటకాల్లో రాజు వేషాలు కట్టిన మనిషి. పొదిలిలో ఉండేవారు. ఆయనకు నాణేలెలా వచ్చాయంటే, ఏదో పల్లెలో నాటకమయ్యాక జనం చదివింపులు చదివిస్తుంటే, చేతిలో రూపాయి లేని ఒక రైతు తన చేలో దొరికిన రాగి బిళ్ళ తెచ్చి ఇచ్చాడట. ఈయన దాన్ని కళ్ళకద్దుకున్నారు. రాజుగారికి పాత బిళ్ళలంటే ఇష్టమని ఆ కబురు ఊరూరా పాకింది. అప్పటి నుంచీ ఏ ఊరు వెళ్ళినా ఎవరో ఒకరు నాగలికి తగిలిందంటూ ఏదో ఒకటి తెచ్చేవారు. అలా వందకు పైగా పోగయ్యాయి. అప్పటివరకూ ఎవరికీ చూపించలేదు.

"మీరు పొదిలి వెళ్ళి, పెద్దాయన్నీ నాణేలనీ జాగ్రత్తగా తీసుకురావాలండీ. కారు రేపు పంపిస్తాను" అన్నారు సుబ్బారావు గారు. నేను ఎగిరి గంతేశాను. కారణం నా చొక్కా జేబులో ఉంది. తొమ్మిదేళ్ళ కిందట ఆయనకు ఉత్తరం రాస్తే, తన దగ్గరున్న ఒక సీసపు నాణెం మీద కాగితం పెట్టి, పెన్సిలుతో రుద్ది, ఆ అచ్చు పంపించారు. రెండు తెరచాప కొయ్యల ఓడ. చుక్కాని కూడా కనిపిస్తుంది. అంచున ఒకచోట చిన్న నొక్కు. రెండు వేల ఏళ్ళ కిందట ఈ తీరం నుంచి ఓడలు వెళ్ళాయని పిల్లలకు పాఠం చెప్పేటప్పుడల్లా ఆ కాగితం చూపించేవాణ్ణి. అసలు నాణెం కళ్ళారా చూడాలన్నది నా కోరిక.

మధ్యాహ్నం మెస్సులో ఆరు రూపాయల భోజనం. గోంగూర, పండుమిరప పచ్చడి, మళ్ళీ గోంగూర. మా వైపు పులుసులో బెల్లం ముక్క వేస్తారని చెబితే, వడ్డించే ఆయన నన్ను జాలిగా చూసి ఇంకో గరిటె నెయ్యి పోశాడు.

అద్దంకి మీదుగా

మా గోదావరి వైపు బస్సు కిటికీలోంచి చూస్తే పచ్చదనం, కాలవ, కొబ్బరి చెట్లు. ఇక్కడ నల్లరేగడి. దాని మీద తెల్లగా విచ్చిన పత్తి, ఆ పక్కన కల్లాల్లో ఎర్రగా ఆరబోసిన మిరప. ముక్కుకు గుడ్డ కట్టుకున్న ఆడవాళ్ళు వంగి రంగు పోయిన తాలుకాయలు ఏరుతున్నారు. వాళ్ళకు తుమ్ములు రావడం లేదు.

నా పక్కన ఒక రైతు కూర్చున్నాడు. ఎక్కడికని అడిగాడు. చెప్పాను.

"చెన్నకేశవులు గారింటికా! ఏందయ్యా, ముందే చెప్పొద్దూ!" అని బస్సంతా వినపడేట్టు అరిచి, నాకు కిటికీ పక్క చోటిచ్చాడు. "రాజంటే ఆయనే రాజు. మా ఊళ్ళో ఆడినప్పుడు ఒకే పద్యం నాలుగు సార్లు పాడించాం. తెల్లారిందాకా ఎవడూ లేవలా. ఇప్పుడేవుంది, ఊరికో వీడియో వచ్చింది. ఆ పద్యం యాడ, ఆ గొంతు యాడ!"

పొలంలో నాణేలు దొరుకుతాయా అని అడిగాను.

"ఎందుకు దొరకవు? వాన పడ్డాక మెరక చేలల్లో తేలతయ్. రాగియ్యైతే ఆయనకిచ్చేవాళ్ళం. సీసంయి మాత్రం చేపలోళ్ళకు తూకానికి అమ్మేవాళ్ళం. కరిగించి వలలకు గుండ్లు పోసుకునేవాళ్ళు."

నాకు ఒళ్ళు మండిపోయింది. రెండు వేల ఏళ్ళ రాజముద్రలు వలకు బరువుగా సముద్రంలో మునిగిపోయాయి. అదే మాట ఘాటుగా అన్నాను. అతను నొచ్చుకోలేదు. "మాకేం తెలుసయ్యా? చెప్పినోళ్ళు ఎవరు?" అన్నాడు. అద్దంకిలో దిగబోతూ నా చేతిలో రెండు రేగిపండ్లు పెట్టి వెళ్ళిపోయాడు. ఆ మాట నాకు తిరిగి గుంటూరు వచ్చాక మళ్ళీ గుర్తొచ్చింది.

పొదిలి

అద్దంకి దాటాక నల్లనేల సన్నబడుతుంది. పొదిలి దగ్గరికి వచ్చేసరికి రాళ్ళు, కంది మోళ్ళు, నీళ్ళ బిందెలు. చెన్నకేశవులు గారిది రెండు గదుల పెంకుటిల్లు. గోడ మీద కిరీటంతో ఉన్న ఫోటో ఒక్కటే, అదీ చెదలు తిని మీసం సగమే మిగిలింది. ఆయన గడ్డం గీయించుకోవడానికి వెళ్ళారు. ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మ గారు గడపలోకి వచ్చి, "రండి నాయనా. ఎండన పడి వచ్చారు" అని మంచినీళ్ళు ఇచ్చారు. సన్నటి మనిషి. అరవై అయిదేళ్ళు ఉంటాయి. చేతులు మాత్రం పనిమంతుల చేతులు, వేళ్ళ కొనలు నానిపోయి తెల్లగా ఉన్నాయి.

"ఆయన వచ్చిందాకా ఆగలేను. మీకొకటి చూపిస్తా" అంటూ లోపలి నుంచి పెద్ద ఇత్తడి పళ్ళెం తెచ్చారు. పైన కప్పిన ఉతికిన తువ్వాలు తీశారు.

నాణేలన్నీ తళతళ మెరుస్తున్నాయి.

"ఎల్లుండి ఆయన మళ్ళీ స్టేజీ ఎక్కుతున్నారుగా. పదకొండేళ్ళయింది. నాటకానికి పొయ్యే ముందు రోజు కిరీటం, భుజకీర్తులు, వడ్డాణం అన్నీ నేనే తోమి పంపేదాన్ని. చింతపండు, ఇటికెపొడి, కొబ్బరి పీచు. ఇంకొకళ్ళ చేతికి ఇచ్చేదాన్ని కాదు. ఇప్పుడా కిరీటం లేదు గదా, ఆయన వెంట ఎక్కేది ఈ బిళ్ళలే. మసిబట్టినట్టు నల్లంగా ఉండాయి. నలుగుర్లో అట్టా ఎట్టా పెడతారు? ఆయనకు తెలీకుండా రెండు రోజులు దొడ్లో కూర్చుని తోమాను."

మా పిచ్చి లేని వారికి ఒక మాట చెప్పాలి. పాత నాణేన్ని కడగకూడదు. అది మాకు మొదటి పాఠం. ఆ నలుపు మురికి కాదు, దాని వయసు. బొమ్మ గీతలు ఆ నలుపులోనే నిలిచి ఉంటాయి. రాగి అయితే తోమినా కాస్త మిగులుతుంది. సీసం మెత్తన, గోటితో గీస్తే గీత పడుతుంది. దాని మీద ఇటికెపొడి పెట్టి కొబ్బరి పీచుతో రుద్దితే ఏం మిగులుతుంది? పళ్ళెంలో ఒక పక్కగా ముప్పై దాకా సీసపు బిళ్ళలు నున్నగా, తెల్లగా, బోడిగా ఉన్నాయి. వాటిలో ఒకదాని అంచున చిన్న నొక్కు చూశాను. తిప్పి చూశాను. రెండు వైపులా ఏమీ లేదు. నా ఓడ మునిగిపోయింది.

అప్పుడే చెన్నకేశవులు గారు లోపలికి వచ్చారు. పొడుగాటి మనిషి, తెల్లటి లాల్చీ, నున్నగా గీసిన గడ్డం. వాకిట్లోనే ఆగి పళ్ళెం వంక చూశారు. దగ్గరికొచ్చి, అన్నిట్లోకీ ఆ నొక్కున్న బిళ్ళనే తీసి, బొటనవేలితో ఒకసారి తడిమారు. ఇంకోసారి తడిమారు. నేను ఆయన మొహం చూడలేక గోడ మీద ఫోటో చూశాను.

"అబ్బో! ఏందే ఇది, ఇప్పుడే టంకశాలలోంచి వచ్చినట్టుండాయి. సభంతా మెరిసిపోద్ది ఎల్లుండి" అన్న మాట వినిపించింది. గొంతులో వణుకు లేదు.

ఆవిడ మొహం చాటంత అయింది. నా వైపు తిరిగి, "మీరు చెప్పండి నాయనా. పెద్ద పెద్ద నాణేలు చూసినోళ్ళు. బాగుండాయా?" అన్నారు.

నా నోరు తెరుచుకుంది. అందులో ఏ మాట సిద్ధంగా ఉందో నాకు తెలుసు. ఆయన చెయ్యి నా భుజం మీద పడింది. గట్టిగా నొక్కలేదు, ఊరికే ఆనించారు, అంతే.

"బాగున్నాయమ్మా" అన్నాను. నాణెం విషయంలో నేను చెప్పిన మొదటి అబద్ధం అది.

ఆవిడ సంతోషంతో సజ్జ రొట్టెలు చేసి, గుమ్మడికాయ పులుసు పోసి, "కారం తక్కువేశాను, మీకోసం" అని కొసరి కొసరి పెట్టారు. ఎలా తిన్నానో నాకే తెలియదు.

వేటపాలెం

మర్నాడు పొద్దున్నే సుబ్బారావు గారి అంబాసిడర్ వచ్చింది. వచ్చిన దారినే పోదామంటే చెన్నకేశవులు గారు ఒప్పుకోలేదు. చుట్టైనా సరే, ఒంగోలు మీదుగా వేటపాలెం పోయి అక్కణ్ణుంచి వెళదామన్నారు. రాజ్యలక్ష్మమ్మ గారు వెనక సీట్లో నాణేల పెట్టె ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. కుదుపు వచ్చినప్పుడల్లా రెండు చేతులూ దాని మీద వేసేవారు.

వేటపాలెంలో ఊరంతా జీడిగింజల కమురు వాసన. షెడ్ల ముందు ఆడవాళ్ళు గింజలు కొట్టి పప్పు తీస్తున్నారు, జీడి కారి వేళ్ళన్నీ నల్లబడి ఉన్నాయి. ఎంత తోమినా ఆ నలుపు పోదని ఒకావిడ నవ్వుతూ చెప్పింది. విరగని గుండు పప్పు కిలో డెబ్బై. రాజ్యలక్ష్మమ్మ గారు బేరమాడుతుంటే, ఆయన నన్ను టీ కొట్టు దాకా నడిపించారు.

"ఆ ఓడ బిళ్ళ ఇచ్చింది ఇక్కడి చేపలాయనే మాస్టారూ" అన్నారు. "డబ్బాడు సీసం బిళ్ళలు దొరికాయంట. అన్నీ గుండ్లు పోసుకున్నాడు. దీని మీద పడవుంది గదా, పడవ కరిగించడానికి చేతులు రాలేదయ్యా అని ఇదొక్కటీ నాకిచ్చాడు. ఆయన్ని సన్మానానికి తోడుకుపోదామనుకున్నా. పోయిన ఏడే పోయాడంట. డ్రైవర్ని పంపించి కనుక్కున్నా."

"మీకు బాధగా లేదాండీ?" అన్నాను. ఏం అడగాలో తెలియక అడిగిన ప్రశ్న.

"తెల్లవారుజామున లేచి దొడ్లో కూర్చుని ఏడ్చాను" అన్నారు. టీ గ్లాసు కింద పెట్టేశారు. "అందరూ నన్ను రాజు వేషాలకే గుర్తుంచుకుంటారు. అది గొంతు పనే, దేవుడిచ్చాడు. ఇవి మాత్రం నేను దాచినవి. ఇన్నాళ్ళకు వీటికోసం పిలిచారు గదా అని చిన్నపిల్లాడిలా సంబరపడ్డాను. కానీ ఒకటి వినండి. నా నాటకం ఆవిడ ఒక్కసారన్నా చూడలేదు. పిల్లలు, గొడ్లు, మా అమ్మ మంచం. కిరీటం తోమి పంపించడమే ఆవిడకు నాటకం. నేను స్టేజీ మీద ఉండగా ఎదురుగా కూర్చోవడం రేపే మొదలు. తన చేత్తో ఏం చేసిందో ఆ సభలో ఆవిడకు తెలియకూడదు. ఆ తర్వాతా తెలియకూడదు. మీ నోటి సంగతి సుబ్బారావు గారు చెప్పారు. ఆ నోరు నాకు ఈ రెండు రోజులూ ఇవ్వండి."

ఇస్తానని చేతిలో చెయ్యి వేశాను. కానీ వచ్చేది నాలాంటి నోళ్ళవాళ్ళే నలభై మంది అని అప్పుడు గుర్తొచ్చింది.

మళ్ళీ గుంటూరు

సభ రోజు పొద్దున మండపం తలుపు దగ్గర నిలబడి, వచ్చిన ప్రతి వాణ్ణీ పక్కకు పిలిచి జరిగింది చెప్పాను. కొందరు తల పట్టుకున్నారు. ఒకాయన గోడకు జారగిలబడి కూర్చున్నాడు. అందరిలోకీ నాకు భయం ఒక రిటైర్డ్ తాసీల్దారు గారంటే. నాణెం మీద వేలిముద్ర పడితే మనిషిని గది బయటికి పంపే రకం. ఆయన అంతా విని, కళ్ళజోడు తీసి తుడుచుకుని, నేరుగా లోపలికి వెళ్ళారు. నేను వెనకే పరుగెత్తాను. అద్దాల బల్ల దగ్గర రాజ్యలక్ష్మమ్మ గారు కొత్త చీరాల చీర కట్టుకుని నిలబడి ఉన్నారు. తాసీల్దారు గారు బల్ల మీదికి వంగి, ఒక్కొక్కటీ ఆ చివరి నుంచి ఈ చివరి దాకా చూసి, చేతులు జోడించారు.

"అమ్మా, ఇంత శుభ్రమైన నాణేలు నా జన్మలో చూడలేదు" అన్నారు.

ఆ తర్వాత నలభై మందీ అలాగే వంగి చూశారు, అలాగే చేతులు జోడించారు. మావాళ్ళ మీద నాకు ఎప్పుడూ కలగని గౌరవం ఆ రోజు కలిగింది.

నోరు కట్టేసుకున్నాను గానీ, చెయ్యి ఊరుకోలేదు. జనం పల్చబడ్డాక జేబులోంచి ఆ పెన్సిలు అచ్చు తీసి, నొక్కున్న బిళ్ళ పక్కన పెట్టాను. తొమ్మిదేళ్ళు నా దగ్గరుంది, ఇక ఆయనకే చెందాలి అనుకున్నాను. మంచి పని చేశానని నా వీపు నేనే తట్టుకున్నాను.

సాయంత్రం సభ. దండ, శాలువా, మైకు. ఉపన్యాసాలన్నీ ఆయన రాజు వేషాల మీదే. ఆయన లేవగానే వెనక వరసల నుంచి "పద్యం! పద్యం!" అని కేకలు. ఆయన చెయ్యెత్తారు. "ఇవాళ నేను వేషం కట్టలేదు నాయనా" అన్నారు. బల్ల మీది నుంచి తెప్పించిన పళ్ళెంలోంచి ఒక బిళ్ళ తీశారు. "ఇది ఏనుగు. తొండం పైకెత్తి ఉంటుంది. వినుకొండ దగ్గర పత్తి చేలో దొరికింది. ఇచ్చినాయనకు కుడి చేతికి నాలుగే వేళ్ళు." ఇంకొకటి. "ఇది సింహం. ఇచ్చినావిడ మిరప కోతకు వచ్చిన కూలి మనిషి. కొంగు ముడిలోంచి తీసి ఇచ్చింది." అలా ముప్పై బోడి బిళ్ళలూ ఒక్కొక్కటే పైకెత్తి, ఏ బొమ్మ, ఏ ఊరు, ఇచ్చింది ఎవరు, ఒక్కటీ తడుముకోకుండా చెప్పారు. చివరికి నొక్కున్న బిళ్ళ. "ఇది ఓడ. రెండు కొయ్యలు. చుక్కాని ఎడమ పక్క. కరిగించడానికి చేతులు రాని మనిషి ఇచ్చాడు." చప్పట్లు చాలాసేపు ఆగలేదు. ముందు వరసలో రాజ్యలక్ష్మమ్మ గారు రెప్ప వేయకుండా ఆయన్నే చూస్తున్నారు. నేను బాహాటంగానే కళ్ళు తుడుచుకున్నాను. గుంటూరులో కళ్ళ నీళ్ళకు కారణం ఎవరూ అడగరు.

కారు దగ్గర

మర్నాడు వాళ్ళు బయలుదేరుతుంటే సాగనంపడానికి వెళ్ళాను. చెన్నకేశవులు గారి చుట్టూ జనం ఉన్నారు. రాజ్యలక్ష్మమ్మ గారు కారు అవతలి పక్క నుంచి నన్ను పిలిచారు. మడత పెట్టిన కాగితం నా చేతిలో పెట్టారు.

"ఇది మీదేగా నాయనా? బల్ల మీద దొరికింది. ఓ పక్కన మీ ఊరి పేరు రాసుంది."

"అవునమ్మా."

"దీని అంచున నొక్కుంది. ఆ బిళ్ళకూ అట్టాంటి నొక్కే ఉంది." ఆవిడ నా వైపు చూడలేదు, తన వేళ్ళ వైపు చూసుకుంటున్నారు. "కాయితం మీద ఓడుంది. నేను తోమకముందు బిళ్ళ మీదా ఉంది."

"రెండు వేల ఏళ్ళ నాటిదమ్మా, అరిగి అరిగి..." అని ఏదో మొదలుపెట్టాను.

"ఊరుకోండి. ఆయన అబద్ధమాడితే నమ్మబుద్ధవుద్ది. మీకు చేతగాదు" అన్నారు. కొంగుతో ముక్కు తుడుచుకుని, "నాకు ఎవరన్నా చెప్పుంటే..." అని ఆగిపోయారు.

బస్సులో రైతు అన్న మాటే.

"ఈ కాయితం మా ఇంట్లో ఉండకూడదు. ఉంటే రోజూ తీసి చూసుకుంటారు. మీ దగ్గరే ఉంచండి. నాకు తెలిసిపోయిందని మాత్రం ఆయనకు చెప్పమాకండి. నాకు తెలీలేదన్న సంతోషమన్నా ఆయనకు మిగలనీండి."

అప్పుడే ఆయన శాలువా సర్దుకుంటూ వచ్చారు. "ఏందో గుసగుసలు?" అన్నారు.

"వేటపాలెంలో జీడిపప్పుకు నన్ను మోసం చేశారా అని అడుగుతున్నా" అన్నారు ఆవిడ. ఆయన పకపకా నవ్వారు. కారు వెళ్ళిపోయింది. కాగితం మాత్రం మళ్ళీ నా జేబులోకే వచ్చింది.

ఇంటికి వచ్చాక ఇదంతా రాయాలనిపించింది. రాస్తే ఆయన చదువుతారు. రాజ్యలక్ష్మమ్మ గారికి కార్డు మీద, "మన ప్రయాణం గురించి రాయమంటారా?" అని ఒక్క ముక్కే రాసి పంపాను. జవాబు రాలేదు. ఆవిడ మౌనాన్నే జవాబుగా తీసుకుని, మూడేళ్ళ పాటు మా ఆవిడతో కూడా అనకుండా ఊరుకున్నాను.

కిందటి నెల పొదిలి నుంచి కార్డు వచ్చింది. అక్షరాలు పెద్దవిగా, గుండ్రంగా, పలక మీద దిద్దినట్టున్నాయి.

"ఇప్పుడు రాసుకోండి నాయనా. ఆ ఓడ కాయితం ఉంటే పంపించండి. ఇక నేను చూసుకోవచ్చు."